మూడు ఎర్ర గీతలు

పోయిన వారం మా టీవీ మూగబోతే, ఇక్కడ బాపట్లలోనే ఉండే మెకానిక్ వచ్చి వెనక మూత ఊడదీశాడు. పంతులమ్మగా రిటైరైనా ఊరికే కూర్చునే గుణం రాలేదు కనుక, కళ్ళజోడు సవరించుకుని నేనూ తొంగిచూశాను. పచ్చటి అట్ట మీద ఆవగింజలంత నల్లటి ముక్కలు అతికించి ఉన్నాయి. రెసిస్టర్లేవయ్యా అంటే అవేనండి మామ్మగారూ అన్నాడు. మరి గీతలేవి అన్నాను. "ఇప్పుడు రంగు గీతలెక్కడివండి, అంకెలే" అని భూతద్దం చేతికిచ్చాడు. చూద్దును కదా, నిజంగానే ఒక్కోదాని మీద మూడేసి అంకెలు. టీవీ అయితే పలికింది గానీ, ఆ పూట వార్తలు నా తలకెక్కలేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, టేప్‌రికార్డర్ ఉన్న ఇల్లంటే వీధిలో ఓ గౌరవం. తెనాలిలో మేము అద్దెకున్న ఇంట్లో మా అన్నయ్యకు అది చాలలేదు, పక్కన ఈక్వలైజర్ ఉండాలి, అదీ తన చేత్తో చేసిందై ఉండాలి. ఎడమ స్పీకరుకు ఐదు మీటలు, కుడి స్పీకరుకు ఐదు మీటలు. తబలా గట్టిగా కావాలన్నా, గొంతు తేటగా కావాలన్నా తగిన మీట పైకో కిందికో జరుపుకోవడమే. ఎడమవైపు ఏ సరుకు పడిందో కుడివైపు సరిగ్గా దాని జోడే పడాలని, లేకపోతే పాట ఒక పక్కకు ఒరిగిపోతుందని చెప్పేవాడు. ఒకే విలువ అచ్చేసి ఉన్న కెపాసిటర్లు కూడా నిజానికి ఒకదానికొకటి పొసగవట. అందుకని ఇరవై తెచ్చి, కాలేజీ ల్యాబులో పనిచేసే స్నేహితుడి చేత కొలిపించి, జోడు కుదిరినవాటిని నా చేత దారంతో కట్టించాడు. పెళ్ళిసంబంధాలకైనా ఇంత పరీక్ష ఉండదని అమ్మ ఎగతాళి చేసేది. రెసిస్టర్లకు మాత్రం కొలత అక్కర్లేదని, ఒంటి మీది రంగు గీతలే వాటి విలువ చెబుతాయని, రేడియో షాపులో కలగాపులగంగా ఉన్న డబ్బాలోంచి తనే ఏరుకొచ్చాడు.

అన్నయ్య రైల్వేలో అసిస్టెంట్ డ్రైవర్ పరీక్ష పాసై, డాక్టరీ పరీక్ష కోసం ఎదురుచూస్తున్న రోజులవి. నాన్న పోయాక మిషన్ బడి జీతంతో మమ్మల్నిద్దర్నీ గట్టెక్కించిన అమ్మకు ఆ ఉద్యోగం మీదే కొండంత ఆశ. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆర్డరు చేతికి రాకముందే ఆదివారం చర్చిలో కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చేసింది.

తీరా పాట పెడితే కుడి స్పీకరులో గొంతు తేటగానూ, ఎడమదానిలో జలుబు చేసినట్టు ముద్దగానూ వచ్చింది. అన్నయ్య మూడు రోజులు వైర్లు పీకాడు, అతికించాడు, అన్నం దగ్గర కూడా చిరాకుపడ్డాడు. నాలుగోరోజు పొద్దున అరుగు మీద తల ఆరబెట్టుకుంటూ ఆ బోర్డు చేతిలోకి తీసుకున్నాను. కుడివైపు వరసలో మూడేసి ఎర్ర గీతలు. ఎడమవైపు వాటికి మొదటి గీత కాఫీరంగు. ఇవి జోడు కాదు కదా అన్నాను.

"ఏంటి కాదు? అన్నీ ఎరుపేగా" అన్నాడు.

ఏడిపిస్తున్నాడనుకుని, మిగిలినవాటిలోంచి అదొకటీ ఇదొకటీ తీసి అరచేతిలో పెట్టి ఎండలో చూపించాను. అన్నయ్య నా చేతి వంక కాదు, మొహం వంక చూశాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు రేపల్లెలో మావయ్య చేలో పండుమిరపకాయలు కొయ్యమంటే పచ్చివి కోసుకొచ్చి తిట్లు తినేవాడు. అది బద్ధకమనే అందరం అనుకున్నాం. రంగులు గుర్తుపట్టలేనివాడికి రైలింజను ఇవ్వరని నాకూ తెలుసు.

"అమ్మకు చెప్పకే" అన్నాడు, అంతే.

రంగుచుక్కల మధ్య అంకెలు దాగి ఉండే పుస్తకమొకటి రైల్వే డాక్టర్లు చూపిస్తారు. దాని నకలు ఎవరి దగ్గరో ఉందని తెలిసి అన్నయ్య అరువు తెచ్చాడు. తప్పు నాదీ ఉంది, దాచను. ఐదు రోజులు నేనే కూర్చోబెట్టి ఏ బొమ్మలో ఏ అంకె ఉందో బట్టీ వేయించాను. ఏ పేజీ తెరిచినా తడుముకోకుండా చెప్పేవాడు. అమ్మకెంత ఆశో నాకూ అంతే ఆశ, వేరే ఆలోచనే రానివ్వలేదు.

సోమవారం పరీక్ష అనగా శనివారం సాయంత్రం, మావయ్యకు శుభవార్త చెబుతానని అమ్మ రేపల్లె బయల్దేరింది. ఇద్దరం స్టేషనుకు వెళ్ళాం. మసకచీకటి కమ్మి సిగ్నల్ రెక్క కనపడటం మానేసింది, దాని దీపం ఒక్కటే కనపడుతోంది. అమ్మ ఎవరితోనో కబుర్లలో పడితే, "ఎక్కమ్మా ఎక్కు, సిగ్నల్ ఇచ్చేశారు" అని అన్నయ్య తొందరపెట్టి ఎక్కించి సంచి అందించాడు. నేను తలెత్తి చూశాను. దీపం ఎర్రగా ఉంది.

అన్నయ్యా, ఇంకా ఇవ్వలేదు అన్నాను, తనకొక్కడికే వినపడేలా. పగటిపూట రెక్క వాలడం చూసి చెప్పేవాడు కాబట్టి ఏనాడూ తప్పు పోలేదు. ఇంతలో ఎదుటినుంచి గూడ్సుబండి కూత పెట్టుకుంటూ వచ్చి, కాళ్ళ కింద నేల అదిరేలా పక్క పట్టాల మీద దూసుకుపోయింది. అన్నయ్య అమ్మ కూర్చున్న కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు. అమ్మ నవ్వుతూ ఏదో చెబుతోంది, తను వినడం లేదు. సిగ్నల్ నిజంగా ఇచ్చి, బండి కదిలేదాకా ఆ ఊచ వదల్లేదు. ఐదు రోజులుగా నేను చేస్తున్న పనేమిటో అప్పుడు తెలిసింది.

మర్నాడే అన్నయ్య ఆ పుస్తకం తిరిగిచ్చేశాడు. సోమవారం డాక్టరు ఏమీ తెరవకముందే, నాకు ఎరుపూ పచ్చా తెలియవండి అని తనే చెప్పేశాడట.

స్టేషను సంగతితో సహా అన్నీ విన్న అమ్మ, అన్నయ్యను ఒక్క మాటనలేదు. తెలిసీ దాచానని నాతో మాత్రం నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఓ ఆదివారం అమ్మ మళ్ళీ కృతజ్ఞతార్పణ కవరు తీసింది. దేనికని రాయమంటావని నేను అడిగితే, "నేనెక్కిన బండి క్షేమంగా చేరినందుకని రాయి" అంది. నెలకు అదే నాతో మొదటి మాట. రాస్తూ ఏడ్చాను.

ఎడమవైపు రెసిస్టర్లు నేనే ఏరి ఇస్తే అన్నయ్య మార్చాడు, రెండు స్పీకర్లూ ఒక్కతీరుగా పలికాయి. తర్వాత రేపల్లెలో రేడియో షాపు పెట్టాడు. నాకు బాపట్లలో ఉద్యోగమొచ్చాక, సెలవులివ్వగానే డబ్బా నిండిపోయింది రావే అని కబురొచ్చేది. వెళ్ళి రెసిస్టర్లన్నీ రంగులవారీగా ఏరి, అగ్గిపెట్టెల్లో పోసి, పైన అంకెలు వేసి వచ్చేదాన్ని. మా చెల్లెలు లేకపోతే షాపు కట్టెయ్యాలండి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. షాపు తెరిచిన ఏడాదే మీటరు కొన్నాడు, దాని తీగలు ఆనిస్తే ఏ రెసిస్టరు విలువైనా చెప్పేస్తుంది. అది బల్ల మీద కనపడుతూనే ఉండేది. నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

అన్నయ్య పోయి రెండేళ్ళయింది. రంగు గీతలు పోయి అంకెలు రావడం మంచిదే, ఏ అన్నయ్యకూ దాచుకోవలసిన అవసరం లేదు. కానీ సెలవులిచ్చారా, డబ్బా నిండిపోయింది రావే అని ఇక ఏ చెల్లెలికీ కబురు రాదు.