మోగని ఆరో తూటా

మొన్న డిసెంబరులో, పండగకు ఇంకా వారం ఉందనగానే, ఆదోనిలో మేముండే వీధి పిల్లలు టపాకాయలు కాల్చడం మొదలుపెట్టారు. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఒక టపాకాయ వత్తి అంటుకుని, కాస్త పొగ వదిలి, పేలకుండా ఊరుకుంది. ఎదురింటి పిల్ల దాని దగ్గరకు వెళ్లి వంగి చూడబోయింది. అంతే, నా గొంతులోంచి వచ్చిన కేక నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. పిల్లలు కొయ్యబారిపోయారు, ఒళ్లో ఉన్న చిక్కుళ్లన్నీ నేలపాలయ్యాయి, లోపల్నుంచి మా కోడలు పరుగెత్తుకొచ్చి ఇంత చిన్న టపాకాయకు అంత భయమేమిటత్తా అని నవ్వింది. నేనూ నవ్వేశాను. పేలినదానికంటే పేలనిదానికి ఎందుకు భయపడాలో నా ఈడువాళ్లకు, అందులోనూ బావులు తవ్వేవాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లకు, నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్లకు చెప్పాలంటే మా అవ్వ ఊళ్లో జరిగిన ఒక క్రిస్మస్ గురించి చెప్పాలి.

మా నాయన ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. డెబ్బయ్యో దశకంలో మిల్లు వెనకాల సందులో మా కాపురం. పత్తి రోజుల్లో తలలోనూ, కంచంలోనూ, కప్పుకున్న దుప్పట్లోనూ అంతటా దూదే. కానీ క్రిస్మస్ మాత్రం ఎన్నడూ ఆదోనిలో చేసుకోలేదు. ఎమ్మిగనూరు బస్సెక్కి, సగం దారిలో కంకర రోడ్డు మీద దిగి, నల్లరేగడి చేల గట్ల వెంబడి నడిచి అవ్వ ఊరు చేరేవాళ్లం. అవ్వ అంటే మా నాయన తల్లి. తాత చనిపోయాక ఆమె మా చిన్నాయన దగ్గర, అంటే మా నాయన తమ్ముడి దగ్గర, ఆ ఊరి చివరి వాడలో ఉండేది. మేము వెళ్లేసరికి గోడలకు సున్నం, అరుగులకు ఎర్రమన్ను పూసి, చేతులు పగిలి, మా కోసం వాకిట్లో నిలబడి ఉండేది. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన చీరలు పండగకు అందరికీ కొత్తవి. తెల్లవారుజామున గుడిలో, అంటే మా చర్చిలో, ఆరాధన, వచ్చాక బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పొట్టేలు కూర, ఓళిగలు, అంటే బొబ్బట్లు. వెదురు బద్దలు వంచి రంగుకాగితాలు అంటించి చిన్నాయన చేసే నక్షత్రంలో లాంతరు పెట్టి వేపకొమ్మకు వేలాడదీస్తే, మా వాడ ఎక్కడుందో రోడ్డు మీదినుంచే తెలిసిపోయేది.

చిన్నాయన పని బావులు తవ్వడం. మన్ను తవ్వినంతసేపు అందరికీ చేతనవుతుంది, బండ తగిలాకే అసలు పని. బండకు బెజ్జాలు వేసి, నల్లమందు అనే పేలుడుపొడి దట్టించి, వత్తి పెట్టి పేల్చాలి. అలా నింపిన ఒక్కో బెజ్జం ఒక తూటా. మందు దట్టించేది చిన్నాయన. వత్తి ముట్టించి మోకు పట్టుకుని పైకి ఎగబాకేది ఆదోని నుంచి వచ్చే ఒక సాయిబు. ఆయన్ని మేము మామ అనేవాళ్లం, చిన్నాయన బావా అని పిలిచేవాడు. రంజానుకు మేము వాళ్లింటికి సేమ్యా తాగడానికి వెళితే, క్రిస్మస్‌కు ఆయన మా అవ్వ చేతి ఓళిగలు తినడానికి ఉండిపోయేవాడు.

పండగ ముందురోజు సాయంత్రం వాళ్లు పేల్చే ఆఖరి తూటాలతోనే మాకు పండగ మొదలయ్యేది. ఎన్ని బెజ్జాలు వేశారో చిన్నాయన పొద్దున్నే మాకు చెప్పి వెళ్లేవాడు. పిల్లలమంతా గోడ మీద వరసగా కూర్చుని మోతలు లెక్కపెట్టేవాళ్లం. లెక్క సరిపోగానే కేకలు వేస్తూ అవ్వ దగ్గరకు పరుగెత్తేవాళ్లం. అప్పుడు ఆమె పండగ పిండివంటలకు పొయ్యి మీద మూకుడు పెట్టేది. లెక్క సరిపోకుండా ఆమె నూనె కాచగా నేను చూడలేదు. పెద్దవాళ్లు ఆ ఆటను మాకెందుకు నేర్పారో అప్పట్లో తెలియదు.

ఆ ఏడు పెద్ద కరువు. జొన్న మోకాలెత్తులోనే ఎండిపోయింది. గొడ్లకు మేత లేక చెట్ల కొమ్మలు నరికి వేసేవారు. మా వాడ ఆడవాళ్లు వంకలో ఇసుక తోడి, ఊరిన నీళ్లు చెంబుతో ఎత్తి, పండగ కోసమని ఇంటింటా కుండలు నింపి పెట్టుకున్నారు. ఊరి రైతు ఒకాయన తన చేలో బావి తవ్విస్తున్నాడు. చిన్నాయనకు, మామకు ఆ బావిలోనే పని. మిల్లులో సెలవు దొరక్క నాయన రాలేదు, అమ్మతో మేము ఊరు చేరినప్పటి నుంచి ఏదో తేడాగానే ఉంది. గాలి లేదు. కుక్కలు పట్టపగలే మోరలెత్తి ఏడుస్తున్నాయి. అవ్వ కుడికన్ను అదురుతోందని అమ్మతో రెండుమూడుసార్లు అన్నది.

ఆ పొద్దు బెజ్జాలు ఆరు. సాయంత్రం మేము గోడెక్కి కూర్చున్నాం. ఒకటి మోగింది. రెండు, మూడు వెంటవెంటనే మోగాయి. కాస్త ఆగి నాలుగు, ఐదు. నేను ఆరో వేలు పట్టుకుని కూర్చున్నాను. చేల మీద దుమ్ము లేచి మెల్లగా కిందికి దిగింది. ఎగిరిన కొంగలు తిరిగి వచ్చి వాలాయి. ఆరోది మోగలేదు. మాలో ఒకరు రెండు కలిసి మోగాయేమో అన్నారు, ఎవరూ ఒప్పుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ గడపలో నిలబడి ఉంది. ఆమె కూడా లెక్కపెడుతూనే ఉందని ఆమె మొహం చూశాక అర్థమైంది. లోపలికి వెళ్లి పొయ్యిలో కట్టెలు బయటకు లాగేసింది.

చిన్నాయన, మామ చీకటి పడేలోగా వచ్చారు. ఇద్దరూ క్షేమంగా ఉన్నారు కాబట్టి మాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చిన్నాయన ఏమీ జరగనట్టు నక్షత్రానికి ఆఖరి కాగితం అంటిస్తుంటే చేతులకున్న జిగురు కాగితాన్ని చింపేసింది. పేలని మందు బండలో ఉంటే అది చచ్చిందో, లోపల ఎక్కడో నిప్పు నిదానంగా పాకుతోందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. ఎవరో ఒకరు దిగి దాన్ని తీసేదాకా ఆ బావిలో పని సాగదు. ఆ దిగేది ఎవరన్నదే ఆ పూట మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగని ప్రశ్న.

మర్నాడు గుడిలో అందరూ గొంతెత్తి పాడుతున్నారు. నేను మాత్రం పాటల మధ్య చేల వైపు చెవి పెట్టే ఉన్నాను. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయిస్తూ కాసేపు ఆగితే ఆ నిశ్శబ్దంలో ఏం వినబడుతుందోనని చెవులు మూసుకున్నాను. ఇంటికొచ్చాక ఉగ్గాని అందరి కంచాల్లోనూ అలాగే ఉండిపోయింది. అప్పుడే ఆ బావి రైతు వచ్చాడు. పండగపూట రైతుల వీధివాళ్లు మా వాడకు రావడమే వింత. లోపలికి రాలేదు, వాకిలి ముందు రాతి మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"పండగపూట అడగకూడదు ముసలమ్మా. యెప్పుడు దిగుతారు మీవాళ్లు? నిన్న ఇంకో ఎద్దు పడిపాయ. ఉన్నదీ నిలబడలేకపోతాండాది" అన్నాడు. ఆయన కళ్లు ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా మాకు రాలేదు.

"నీ ఎద్దు పోయినందుకు నాకూ బాధే సామీ. నా కొడుకు పోతే యాడ తెచ్చుకుందు?" అన్నది అవ్వ.

చిన్నాయన లేచాడు. "మందు దట్టించింది నేను. నేనే దిగుతా."

మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "వత్తి ముట్టించింది నేను గదా బావా. యాది ఆరిపోయిందో నాకే తెలుస్తాది. నీకు పెండ్లి గూడా కాలేదు, నువ్వు గమ్మునుండు."

"నీకు నలుగురు బిడ్లుండారు. నువ్వే గమ్మునుండు."

అరుగు మీద ఇద్దరూ చావుకు నేను ముందంటే నేను ముందని గొంతులు పెంచి వాదించుకుంటుంటే, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ మాత్రం అరిచింది. "నోర్మూయండి ఇద్దురూ! నీళ్లు పోస్తే మందు సస్తాదా లేదా, ముందు అది సెప్పండి."

"సస్తాదమ్మా" అన్నాడు మామ. "నల్లమందు గదా. రాళ్ల సందుల్లోకి దిగి బెజ్జాలన్నీ మునగాల, ఒక పూట నానాల. అన్ని నీళ్లు ఈ కరువులో యాడుండాయి?"

అవ్వ లోపలికి వెళ్లి, పండగకని నింపి పెట్టిన కుండల్లో పెద్దది చంకనెత్తుకుని, కొత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వీధిలోకి నడిచింది. ఆమె వెనక అమ్మ మరో కుండతో. చూస్తుండగానే ఇంటింటి నుంచి ఆడవాళ్లు కుండలతో బయటికొచ్చారు. స్నానాలకు ఉంచుకున్నవి, కూరలోకి ఉంచుకున్నవి, బాలింత ఒకామె బిడ్డ గుడ్డలు ఉతకడానికి దాచుకున్నవి. నాకూ ఒక చెంబు ఇచ్చారు. మెరిసే కొత్త చీరల్లో, తలల మీద కుండలతో, ఒక్కరూ మాట్లాడకుండా ఎండిన చేలగట్టు మీద నడుస్తుంటే అది పండగ ఊరేగింపులా లేదు, ఇంకేదో ఊరేగింపులా ఉంది.

బావి దగ్గర రైతు అన్న నిలబడి ఉన్నాడు. "వాళ్ల కుండల నీళ్లు మన బావిలోనా?" అన్నాడు తమ్ముడితో.

"నీళ్లే పడని గుంతను బావి అంటావేమన్నా? పోయనీ" అన్నాడు రైతు.

మమ్మల్ని ఒడ్డుకు దూరంగా ఆపి, కుండలన్నీ మామ, చిన్నాయన అందుకుని పోశారు. నీళ్లు కింద రాళ్ల మీద పడిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకున్నాను. పోయడం అయ్యాక ఎవరూ ఆ చుట్టుపక్కల ఉండకూడదని మామ అందరినీ తోలేశాడు. ఇంటికొచ్చి, ఉన్న కాసిని నీళ్లతో అవ్వ రొట్టెలు చేసింది. ఓళిగలు లేవు. ఆ రోజంతా గొంతు తడుపుకోవడానికి పిల్లలకు గుక్కెడు, పెద్దలకు అదీ లేదు. అందరం ఒకేచోట కూర్చున్నాం. గాలికి తలుపు కొట్టుకుంటే అందరి తలలూ ఒక్కసారే లేచేవి.

మరుసటి పొద్దున తన మాటే నెగ్గించుకుని చిన్నాయన దిగాడు. మోకు మామ నడుముకు కట్టుకుని పట్టుకున్నాడు. ఇనుము తగిలితే నిప్పు రవ్వ లేస్తుందని చిన్నాయన కట్టెపుల్ల ఒక్కటే తీసుకుని వెళ్లాడు. మేము ఊరి మొగదల నిలబడ్డాం. అవ్వ అటు తిరగలేదు, చేలకు వీపు పెట్టి నేల మీద కూర్చుని పెదాలు కదుపుతూ ఉంది. ఎంతసేపో తెలియదు. చివరికి మామ కేక వినబడింది. ఏమన్నాడో అర్థం కాలేదు గానీ, అది ఏడుపు కాదు. మేము పరుగెత్తి వెళ్లేసరికి చిన్నాయన ఒడ్డున కూర్చుని, బురదలా నానిన మందును గుప్పెట్లో పట్టుకుని మామ మొహానికి పూస్తూ పకపకా నవ్వుతున్నాడు. అవ్వ వెళ్లి కొడుకు చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత ఆ చెంపనే రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

ఎండలు ముదిరేలోగా ఆ బావిలో నీళ్లు పడ్డాయి. మా అవ్వ, అమ్మ, ఆ బాలింత, అందరూ ఆ తర్వాత నీళ్లకని వెళితే ఒడ్డు కింద నిలబడాల్సిందే, రైతు ఇంటివాళ్లు పైనుంచి పోస్తే పట్టుకోవాల్సిందే. అది అప్పటి ఊరి వాడుక. మేమూ వింతగా అనుకోలేదు. ఇప్పుడు తలచుకుంటే అనిపిస్తుంది.

ఈ పని మానుకోమని అవ్వ ఎంత చెప్పినా చిన్నాయన వినలేదు. రెండేళ్లకు, కోడుమూరు వైపు ఏదో ఊళ్లో, పేలుడు మందుతో పనే లేని పాత బావిలో పూడిక తీస్తుండగా ఒడ్డు విరిగి ఆయన మీద పడింది. ఆ పొద్దు ఏ కుక్కా ఏడవలేదు. అవ్వకు ఏ కన్నూ అదరలేదు, ఆమె గాజులమ్మేవాడితో బేరమాడుతూ ఉందట. నేను బడిలో పక్క పిల్ల చెప్పిన మాటకు కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. మామ మిల్లు గేటు దగ్గరకొచ్చి, మా నాయన్ని పిలిపించి, మట్టి కొట్టుకుపోయిన తన చేతులు చూపించాడట. మా భయమంతా ఆ ఒక్క క్రిస్మస్‌కే ఖర్చుపెట్టేశామని, నిజంగా కావలసిన రోజుకు మా దగ్గర కాస్తయినా మిగల్లేదని చాలా ఏళ్లు అనుకునేదాన్ని.

మామ మళ్లీ బావిలోకి దిగలేదు. ఆదోని బజారులో తోపుడుబండి మీద పండ్లు అమ్మాడు. ప్రతి క్రిస్మస్‌కు అవ్వ ఊరికి వచ్చేవాడు. అవ్వ పెట్టిన రెండు ఓళిగలూ తినేసి, మూడోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, తల వంచుకుని కూర్చునేవాడు. అవ్వ ఆయన తల మీద చెయ్యి వేసేది. ఎనభయ్యో దశకం చివర్లో అవ్వ పోయింది. తర్వాత ఆ ఊళ్లో మేము పండగ చేసుకోలేదు.

ఇప్పుడు ఆదోనిలో మా ఇంట్లో క్రిస్మస్‌కు దేనికీ లోటు లేదు. బోరు బండి వచ్చి ఒక పూటలో నేలను తొలిచి వెళ్లిపోతుంది, మనిషి దిగే పనే లేదు. పిల్లలు ఎక్కడున్నా బస్సెక్కామని, దిగామని, సందు మొదట్లో ఉన్నామని ఫోన్ చేస్తూనే ఉంటారు. వాళ్లు గడపలో కాలు పెట్టే వేళకు వచ్చిన సంగతి అందరికీ తెలిసే ఉంటుంది కనుక, తల ఎత్తకుండానే భోంచేద్దువు రా అంటారు. మంచిదే, అలాంటి బతుకు కోసమే మా పెద్దలు అంత కష్టపడ్డారు. అయినా, చీకటి పడే వేళ చేలగట్టు మీద ఇద్దరు మనుషులు నడిచొస్తుంటే, వాళ్లు మనవాళ్లేనని నడకను బట్టి పోల్చుకున్న ఆ క్షణంలో ఇల్లంతా ఒక్కసారి ఊపిరి వదలడం ఎలా ఉండేదో, వీళ్లకు ఎంత చెప్పినా నేను చెప్పలేను.