శారీ గార్డు పీకేసిన బండి మీద బొమ్మసంద్ర నుంచి పీణ్య దాకా

పాత బండి కొని, దాన్ని తమ ఇష్టానికి మార్చుకోవాలని ఉబలాటపడే కొత్త రైడర్ల కోసం ఇది రాస్తున్నాను. పొద్దున ఊరికి ఒక చివరనున్న బొమ్మసంద్రలో బయల్దేరి, నడిబొడ్డున చిక్కపేటలో సీటు కవరు వేయించుకుని, రెండో చివర పీణ్యలో వెల్డింగు పని చేయించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. దారి చెబుతాను, ఖర్చు చెబుతాను. ఆ రోజు నేను చేసిన వెధవ పని కూడా చెబుతాను. అది దాచిపెట్టి మిగతాది రాస్తే నాకు అన్నం సహించేలా లేదు.

నాది ఖమ్మం. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. ముప్పై దాటేదాకా నాకు బండి నడపడమే రాదు, ఎక్కడికి వెళ్ళాలన్నా బస్సే దిక్కు. పోయినేడాది నేర్చుకున్నాను. నాలుగు నెలల కిందట పన్నెండేళ్ళ నాటి వంద సీసీ బండి ఒకటి ముప్పై రెండు వేలకు కొన్నాను. ఇక చూడండి నా హడావిడి! ఆదివారం వస్తే చాలు, స్పానర్లు పట్టుకుని ఇంటి ముందు గచ్చు మీద కూర్చునేవాణ్ణి. ట్యాంకుకు నల్ల రంగు కొట్టించి, దాని మీద తెల్ల అక్షరాలతో ‘ఒంటరి’ అని రాయించాను. వీడియోల్లో చూసి చెయిన్ కవరు ఊడదీశాను. తర్వాత వెనక చక్రంలో చీరలు పడకుండా ఎడమ పక్కన ఉండే శారీ గార్డు మీద పడ్డాను.

మా ఇంటి ఓనరు సరోజమ్మగారు కింది వాటాలో ఉంటారు. అరవై దాటిన మనిషి. పుట్టి పెరిగిందంతా ఈ ఊరే, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆమె కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుని నా పని చూస్తున్నారు.

“అదేందప్పా, బాగుండేదాన్ని పీకతా ఉండావు?”

“శారీ గార్డు ఆంటీ. ఇది ఉంటే అంకుల్ బండి లెక్క ఉంటది. తీసేస్తే లుక్ వస్తది.”

“రేపు యెనక ఎవురన్నా ఆడోళ్ళు కూసుంటే?”

“నా వెనక ఎవరు కూసుంటరు ఆంటీ?”

“ఎవురూ దొరక్కపోతే నేనే కూసుంటాలే” అని పకపకా నవ్వారు. నేనూ నవ్వి, నాలుగో బోల్టు ఊడదీసి, ఆ గార్డును పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాను.

తర్వాత ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి బండి తీస్తుంటే గేటు దగ్గర సరోజమ్మగారు మామిడిపండు రంగు చీర కట్టుకుని, భుజాన సంచీతో ఎదురయ్యారు. జాకెట్టు గుడ్డలు మ్యాచింగ్ చూసుకోవడానికి ఆమె కూడా చిక్కపేటకే వెళ్ళాలట. “మెట్రోలో నిలబడాల, మోకాళ్ళు నొప్పి. నన్నూ ఏసుకోని పో నాయనా. హేమకి మాత్రం చెప్పొద్దు, బండ్లు ఎక్కొద్దని గలాటా చేస్తాది” అన్నారు. హేమ ఆమె కూతురు, స్కూల్లో టీచరు, తల్లి దగ్గరే ఉంటుంది. నాకైతే ఎంత గర్వం వేసిందో! బండి కొన్నాక నా వెనక ఎక్కుతానన్న మొదటి మనిషి ఆమె.

ఇక్కడ నిజం చెప్పాలి. శారీ గార్డు లేదన్న సంగతి నాకు గుర్తొచ్చింది. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. గుర్తొచ్చింది గానీ, “వద్దు ఆంటీ, గార్డు పీకేశాను” అనడానికి నామోషీ అడ్డొచ్చింది. “కొంగు దగ్గర పెట్టుకోండి ఆంటీ” అని ఒక్క మాట అనేసి, నా రెండో హెల్మెట్ ఆమె తలకు పెట్టి, కిక్ కొట్టాను.

శనివారం పొద్దున హోసూరు రోడ్డు కాస్త దయగానే ఉంటుంది. యాభై నిమిషాల్లో సిల్క్ బోర్డు దాటాం. లాల్‌బాగ్ పక్కనుంచి టౌన్ హాలు మీదుగా చిక్కపేట చేరేసరికి తొమ్మిది నలభై. దారి పొడుగునా సరోజమ్మగారు నా చెవిలో కబుర్లే కబుర్లు, ఎక్కడ రాగి చేలుండేవో, ఎక్కడ చెరువుండేదో. సీటు కవరు వేయించుకునేవాళ్ళు అంత పెందలాడే వెళ్ళనక్కరలేదు, పదిన్నరకు గానీ షాపులు తెరవరు. మంచి రెగ్జిన్ కవరు ఏడెనిమిది వందల్లో అక్కడికక్కడే కుట్టిస్తారు. నేను మాత్రం వేయించుకోలేదు.

మెట్రో స్టేషన్ దాటి ఇరుకు సందులోకి తిరిగాం. నడిచేవాళ్ళకంటే నెమ్మదిగా వెళ్తున్నాను. ఎదురుగా గుడ్డల బేళ్ళు వేసుకుని తోపుడు బండి తోస్తున్న హమాలీ ఉన్నట్టుండి చేతులెత్తి, “నిల్సప్పా! సీరె! సీరె!” అని ఆపమంటూ కన్నడంలో అరిచాడు. నేను బ్రేకు వేసేలోపే ఎవరో వెనక నుంచి లాగినట్టయింది. బండి ఆగింది. సరోజమ్మగారు ఎడమ చేతి మీద రోడ్డున పడ్డారు. కొంగు చెయిన్‌లోకి వెళ్ళి చక్రానికి చుట్టుకుపోయింది. హమాలీ బేళ్ళ తాళ్ళు కోసే కత్తితో పరపరా ఆ కొంగు కోసేశాడు. ఇంకో పది మీటర్లు పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

హెల్మెట్టుతోనే రోడ్డు మీద కూర్చుని, సగం చీరను నడుముకు చుట్టుకుంటూ ఆమె అడిగిన మొదటి మాట ఇది: “నీ బండికేం కాలేదు కదప్పా?”

సిగ్గుతో చచ్చిపోయాను. హమాలీ చక్రం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. తన బండి తోసుకుని వెళ్ళిపోయాడు.

రెండు వీధుల అవతల క్లినిక్ ఉంది. మణికట్టు బెణికింది, అరచేతి చర్మం లేచిపోయింది. కట్టు కట్టి మాత్రలిచ్చారు. అక్కడి బల్ల మీదే కూర్చుని, తెగిన కొంగు కనపడకుండా నడుములో దోపుకుని, సరోజమ్మగారు కూతురికి ఫోన్ చేశారు. “హేమా, గాబరా పడొద్దు. మెట్రో మెట్లు దిగతా జారి పడితి. చెయ్యి బెణికింది, అంతే. మన ప్రవీణూ ఈడే ఏందో కొనుక్కొనేకి వచ్చిండె. ఫోన్ చేస్తే పరిగెత్తుకోనొచ్చె.” ఆ ప్రవీణ్ నేనే. పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. పైగా లోపల ఎక్కడో ‘హమ్మయ్య’ అనిపించింది. ఆ ‘హమ్మయ్య’ను తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదకొండున్నరకు హేమక్క వచ్చింది. తల్లిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “థ్యాంక్స్ ప్రవీణ్. నువ్వు లేకుంటే ఏమయ్యేదో” అంది.

“పర్లేదు అక్కా” అన్నాను. అవును, అలాగే అన్నాను.

ఇద్దరూ మెట్రోలో వెళ్ళిపోయారు. సందు చివర బండి పెట్టి నేనూ వాళ్ళతో వెళ్ళాల్సింది. హేమక్కకు ఎదురుగా గంటసేపు కూర్చునే ధైర్యం లేక, పీణ్య పని ఉందని తప్పించుకున్నాను.

చిక్కపేట నుంచి యశవంతపుర మీదుగా తుమకూరు రోడ్డెక్కితే పీణ్యకు యాభై నిమిషాలు. అక్కడ నారాయణప్పది చిన్న రేకుల షెడ్డు. హిందూపురం వైపు మనిషి, ఇక్కడ లేత్ మీద ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాడు. ఇంతకుముందు నా ఫుట్‌రెస్టులు సరిచేసింది ఆయనే. ఆ రోజు హ్యాండిలు ఎత్తు పెంచే ఇనుప ముక్కలు చేయించాలని నా ప్లాను. అది మానుకుని, “అన్నా, శారీ గార్డు చేసి పెట్టు” అన్నాను.

ఆయన సంగటి ముద్ద తింటున్నవాడల్లా ఆగాడు. “అందురూ తీపిచ్చుకొనేకి వస్తారు. పెట్టిచ్చుకొనేకి వచ్చినోడు నువ్వొకడివే. ఎవురు పడినారప్పా?”

“ఎవరూ పడలే అన్నా. ఊరికే.”

చెయ్యి కడుక్కుని వచ్చి, బండిని స్టాండు మీదికెక్కించి, చక్రం పక్కన కూర్చున్నాడు. కటింగ్ ప్లేయరుతో ఇరుసు దగ్గర ఏదో పట్టి లాగాడు. జానెడు మామిడిపండు రంగు గుడ్డ, గ్రీజుతో నల్లబడి, జరీ పోగుతో సహా బయటికొచ్చింది. దాన్ని నా చేతిలో పెట్టి, “మరి ఇదేంది?” అన్నాడు.

అప్పుడు మొత్తం కక్కేశాను. ఆయన చివరిదాకా విని, ట్యాంకు మీద ‘ఒంటరి’ని కూడబలుక్కుని చదివి, “నాకెందుకు చెప్తా ఉండావు? చెప్పాల్సినోళ్ళకి చెప్పుపో” అని రాడ్లు కొయ్యడానికి లేచాడు.

గార్డుకు ఆరువందల యాభై తీసుకున్నాడు. మూల పడున్న పాత చెయిన్ కవరు ఒకటి రుద్ది, బిగించాడు. గంటన్నర పట్టింది. బిగించాక తన భుజం మీది తువ్వాలు తీసి సీటు ఎడమ పక్కన వేలాడేసి, వెనక చక్రాన్ని చేత్తో గిరగిరా తిప్పి చూశాడు. తువ్వాలు ఎక్కడా తగల్లేదు. “ఇంక పో” అన్నాడు.

మూడింటికి బయల్దేరితే సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుని, ఇల్లు చేరేసరికి దాదాపు ఆరు. దారంతా ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. పెరట్లో హేమక్క బకెట్ ముందు కూర్చుని ఆ చీర ఉతుకుతోంది. వల్లె వేసినవన్నీ గాలికి పోయాయి.

“అక్కా, ఆంటీ మెట్రో మెట్ల మీద పడలే. నా బండి మీదికెల్లి పడ్డరు. గార్డు నేనే పీకేసిన. అది లేదని గుర్తుండి కూడా ఎక్కించుకున్న.”

హేమక్క తలెత్తలేదు. “తెలుసు. సబ్బు పెట్టి మూడు తూర్లు ఉతికినా. మెట్రో మెట్ల మీద చెయిన్ గ్రీజు ఉండాదా ప్రవీణ్?”

“మరి నాకు ఫోన్ చేసి అడగలేదేం అక్కా?”

“నువ్వే చెప్తావేమోనని చూస్తా ఉండా.” చీర పిండి, లేచి నిలబడింది. “పడటం సరే, ఎవురైనా పడతారు. నేను చెయ్యి పట్టుకోని థ్యాంక్స్ చెప్తే పర్లేదు అంటివే, అదొక్కటే నాకు మర్చిపొయ్యేకి అయితా లేదు.”

లోపలి నుంచి సరోజమ్మగారు కట్టు చేత్తో బయటికొచ్చి, “ఎందుకు చెప్పినావప్పా, ఇంక నన్ను ఏ బండీ ఎక్కనియ్యదు ఇది” అని విసుక్కున్నారు. తర్వాత బండి దగ్గరికి నడిచి, బాగున్న చేత్తో కొత్త గార్డును పట్టుకుని రెండుసార్లు ఊపి చూశారు. “గట్టిగా ఉండాది” అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇది జరిగి నెలన్నర అయింది. ఆమె కట్టు విప్పేశారు. నేను పొద్దున బండి తీస్తుంటే ఇప్పటికీ కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుంటారు, మాట్లాడతారు, ఏడిపిస్తారు. హేమక్క మాత్రం కనపడితే తలూపి వెళ్ళిపోతుంది. బండి నాది కదా, దానికేం ఉండాలో ఏం ఊడాలో నా ఇష్టమనుకున్నాను. వెనక సీటు ఎప్పుడూ ఇంకొకరిదే అన్న సంగతి నాకు తట్టలేదు. కొత్త హెల్మెట్ ఒకటి సరోజమ్మగారి సైజుకు కొని నా గదిలో పెట్టాను. ఎక్కమని అడగడానికి ఇంకా నోరు రాలేదు.

చివరగా ఒక్క సలహా. మీరు పాత బండి కొన్నా, ఏ భాగం మార్చినా, ఎవరినీ ఎక్కించుకోకముందే బండిని స్టాండు మీద నిలబెట్టి, ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, సీటు ఎడమ పక్కన తువ్వాలు వేలాడేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. అర నిమిషం పని. తువ్వాలు చక్రానికి తగిలిందా, ఆ రోజు మీ వెనక ఎక్కుతానన్నవాళ్ళకు వద్దని చెప్పండి, ఎందుకు వద్దో కూడా చెప్పండి.