మిరపకి ఈత రాదు

నిలబడ్డ నీళ్లు కనిపిస్తే జక్రయ్య చెయ్యి ఊరుకోదు. మడుగైనా సరే, చర్చి మెట్ల దగ్గర వానగుంటైనా సరే, భుజం మీది పార దించి, గాడి తీసి ఆ నీళ్లను సాగనంపాల్సిందే. ఆ మధ్య అద్దంకిలో మేనకోడలు షారోన్ పెళ్లికీ పారతోనే వెళ్లాడు. చేతులు కడిగే చోట బురద చూశాడు. ఫోటోకి రమ్మని పిలుస్తున్నా వినకుండా కాలవ తవ్వాడు. అది తిన్నగా భోజనాల బల్లల కిందకి పారింది.

"ఏందయ్యా ఈ పిచ్చి?" అని భార్య జయకుమారి తల కొట్టుకుంది.

"నీళ్లు నడవాలే. నిలబడితే కుళ్లుద్ది."

ఊరంతా నవ్వేది, పక్క చేను బుల్లయ్య తప్ప. ఊరి మడుగు ఒడ్డున ఉన్న తన రెండెకరాల మిరప మీదే బుల్లయ్య ఆశంతా. ఎండాకాలానికి నీళ్లు చాలవేమోనని, దసరా దాటగానే ఖాళీ మిర్చి టిక్కీల్లో, అదే గోనెసంచుల్లో, మట్టి కూరి మడుగు తూముకు అడ్డం పేర్చాడు. మిర్చి యార్డులో గుర్తుకోసం రాసుకున్న తన పేరు ప్రతి సంచి మీదా ఉంది. చుక్క నీరు పోనివ్వనని మీసం తిప్పాడు.

నీళ్లు నిండుగా నిలిచాయి. నిలిచి పచ్చబడ్డాయి. గుర్రపుడెక్క ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కమ్మేసింది. చేపలు గాలికోసం పైకొచ్చి నోళ్లు తెరిచాయి. కొంగలు కొన్నాళ్లు చూసి ఎటో వెళ్లిపోయాయి.

"నీళ్లు తగ్గితేనే ఒడ్డున నత్త దొరుకుద్ది. నత్త ఉంటేనే కొంగ. వాటి కంచం ముంచేశావు కదరా!" అన్నాడు జక్రయ్య.

"కొంగలొచ్చి నా కాయలు కోస్తాయంట్రా? తూము ముట్టావంటే నీ పార విరిచేస్తా!"

అంతలో తుఫాను వచ్చింది. తెల్లారేసరికి మడుగు పొంగి మిరప చేలోకి ఎక్కింది. నీళ్లు రెండ్రోజులు నిలిస్తే వేరు కుళ్లి చేనంతా వాలిపోతుంది. బుల్లయ్య తిట్టుకుంటూ, దేవుడా అనుకుంటూ తూము దగ్గరికి పరిగెత్తాడు.

నడుంలోతు నీళ్లలో జక్రయ్య ఉన్నాడు. టిక్కీలన్నీ లాగేశాడు. మట్టి జారిపోయిన సంచులు బుల్లయ్య పేరు మోసుకుంటూ దిగువ ఊరికి కొట్టుకుపోతున్నాయి. అంతేనా, మిరప చేలోంచి వాగుదాకా కొత్త కాలవ కూడా ఉంది. అది కోతకొచ్చిన జక్రయ్య వరిని నిలువునా చీల్చుకుంటూ పోతోంది.

"ఒరేయ్! నీ వరి మధ్యగా తవ్వావేందిరా?"

"దగ్గర దారి అదే. వరికి ఈత వచ్చులే. మిరపకి రాదు."

బుల్లయ్య పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. "పార ఇటివ్వు."

"విరుస్తావా?"

"ఏడిశావులే! తవ్వుతా. నువ్వు గట్టెక్కు."

మిరప నిలిచింది. పారే నీటితో డెక్క కొట్టుకుపోయి, ఒడ్డున తుంగ లేచి, నత్తలు తేలాయి. కొంగలు బంధువుల్ని కూడా వెంటేసుకుని మరీ దిగాయి.

ఇప్పుడు అద్దంకి టీకొట్లో బుల్లయ్యని ఆపడం ఎవరి తరమూ కాదు. "ఆ మడుగు చూశారా? మా జక్రయ్య నడిపిస్తుంటాడు. అట్టాంటోడు మీ ఊళ్లో ఒక్కడున్నాడా?" అంటూ రొమ్ము విరుచుకుంటాడు. అంతలో కొళాయి కింద నిలిచిన నీళ్లు కంటబడతాయి.

"ఆ బల్ల కాస్త జరపండయ్యా," అంటూ గోడకు ఆనించిన తన పార అందుకుంటాడు.