లెగ్ పీసు ఎవరి కంచంలో

మా కింది పోర్షన్‌లో ఉండే సుష్మిత మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో పని చేస్తుంది. వచ్చిన ప్రతి పిల్లాడికీ ఏ కోర్సు ఎన్నాళ్ళో, ఏ బ్యాచ్ ఎప్పుడో విసుక్కోకుండా చెప్పాలి. తండ్రి ఐలయ్య బల్కంపేటలో ఆటో నడిపి డిగ్రీ చదివించాడు. పెళ్ళయినా ఆ పిల్ల ఉద్యోగం మానలేదు. అత్త పోచమ్మకు గిట్టనిది అదే. కోడలు ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది మరి.

"ఇంటికి సుట్టమొస్తే ఇంత కోడికూర వండిపెట్టనీకి తీరనిదానికి నౌకరీ ఎందుకు? మళ్లొక్కపారి గిట్లయితే మాన్పిచ్చుడే!" అని పోయిన వారం ఒక చుట్టం కోడికూర లేకుండానే తిని వెళ్ళాక పోచమ్మ తెగేసి చెప్పింది. కొడుకు రాకేశ్ టీవీ చూస్తూ తల ఊపాడు. ఆ తల ఊపు చూసినప్పటి నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

అంతలోనే పోచమ్మ అల్లుడు మహిపాల్ ఎర్రమంజిల్ ఆఫీసులో ఏదో పని ఉందని వచ్చి, రాత్రి భోజనానికి దిగాడు. సుష్మిత ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ పూటతో తేలిపోతుంది. నేనెలా ఊరుకుంటాను? తోడు పెరుగు కావాలని గిన్నె పట్టుకుని కిందికి దిగాను.

సుష్మిత చికెన్ సంచీతో వచ్చి, భుజం మీద బ్యాగ్ దించీ దించకముందే కుక్కర్ పొయ్యి మీద పెట్టింది. సాసేజ్ ముక్కలు, చికెన్ ఎర్రగా వేయించింది. అందులోనే ఉల్లిపాయ, క్యాప్సికం, వెల్లుల్లి, టమాటా, కారం, మిరియాల పొడి. అందులోనే బియ్యం, నీళ్ళు. మూత పెట్టేసింది.

"బిర్యానీయా ఏంటే?" అన్నాను.

"కాదాంటీ, జంబలాయా. అమెరికాల లూసియానా దిక్కు వండుకుంటరంట. ఫోన్ల చూసి నేర్చుకున్న. ఒక్కటే గిన్నె, జల్ది అయితది."

"పుదీనా వేయవూ? గరం మసాలా?"

"జర ఊకోండ్రి ఆంటీ!"

మూత తీయగానే పోచమ్మ తొంగి చూసింది. "కూరేదే?"

"అండ్లనే ఉన్నది అత్తమ్మా."

"కూడు, కూర ఒక్కకాడ కలిపితే పెద్దోనికేం ఏసుడు, సిన్నోనికేం ఏసుడు?" అని గరిట అందుకుంది, లెగ్ పీసులు అల్లుడికి ఏరి పెట్టడానికి.

సుష్మిత గరిట ఇవ్వలేదు. మగవాళ్ళతో పాటు తనకూ, అత్తకూ కంచాలు వేసింది. "గరిటెకు ఏదొస్తే అదే" అని వరసగా వడ్డించింది. మహిపాల్‌కు మెడ, వీపు ముక్క. రాకేశ్‌కు రెక్క. లెగ్ పీసులు రెండూ ఆడవాళ్ళ కంచాల్లో పడ్డాయి!

మహిపాల్ కంచం కెలికాడు. "అత్తమ్మా, మీ పట్నం కోళ్లకు కాళ్లుండయా?"

పోచమ్మ తన ముక్క తీసి అల్లుడి కంచం మీదికి చెయ్యి చాచింది. ఆ మహానుభావుడు సిగ్గు లేకుండా కంచం ముందుకు జరిపాడు. నేనిక ఆగలేకపోయాను.

"పోచమ్మా, పెళ్ళయినప్పటి నుంచి నువ్వెప్పుడైనా లెగ్ పీసు తిన్నావా?"

"ఆడోళ్లు తింటరా వరలక్ష్మమ్మా ఏడనన్న? మెడ, వీపు తినాలె గని" అంది పోచమ్మ, ముక్క చేతిలోనే పట్టుకుని.

"వింటున్నావా మహిపాల్? ఇన్నేళ్ళు ఈవిడ వండిన కోళ్ళకు కాళ్ళున్నాయి బాబూ. అన్నీ మీ కంచాల్లోకే నడిచొచ్చాయి!"

రాకేశ్‌కు పొలమారింది. సుష్మిత మాత్రం నవ్వలేదు. "అన్నా, సుట్టానికి వండిన్నా లేదా? కడుపు నిండ పెడుతున్ననా లేదా? ఇంక ఏం తక్కువైందని నా నౌకరీ మాన్పిస్తరు?"

మహిపాల్ తల వంచుకుని ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. కాసేపటికి, "చెల్లె, ఇంక జర పెట్టు" అన్నాడు. రాకేశ్ కూడా కంచం చాచాడు. తినడానికేమో ఇద్దరూ తక్కువ తినలేదు!

పోచమ్మ తన కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తోడు పెరుగు వంకతో నేనూ వెళ్ళాను. అల్లుడి కంటపడకుండా గోడవైపు తిరిగి లెగ్ పీసు తింటోంది. తిరిగి చూడకుండానే అంది: "మిగిలింది రేపు డబ్బల పెట్టుకొని డ్యూటీకి పొమ్మను దాన్ని. పొద్దుగాల మళ్ల వండుడెందుకు?"

ఉద్యోగం నిలిచింది, సంతోషమే. కానీ తన ఇంట్లో, తన కంచంలో పడ్డ ముక్కను ఆ మనిషి గోడవైపు తిరిగి ఎందుకు తినాలి? ఆ సంగతి అడుగుదామనే తెల్లారి మళ్ళీ గిన్నె పట్టుకుని దిగాను.