ఈగలు పెంచే స్తుతి

జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో కూలి చేసుకుని బతికే బక్కయ్యకు స్తుతి ఒక్కతే బిడ్డ. తల్లి లేని పిల్ల. డిగ్రీ అయ్యాక కరీంనగర్‌లో ఏదో ల్యాబులో ఉద్యోగం దొరికిందని ఇంట్లో చెప్పింది. ల్యాబంటే రక్తపరీక్షలే అనుకున్నాడు బక్కయ్య. ఆమె కాదనలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో ఆయన ఆ మాట పదిమందికీ చెప్పుకుని మురిసిపోతుంటే, స్తుతి తల వంచుకుని చెప్పులు వెతుక్కునేది.

అసలు ఆమె పెంచేది ఈగలను. మక్కచేలను పాడుచేసే కత్తెర పురుగుల్ని డబ్బాల్లో మేపి, వాటి మీదికి ఒక జాతి ఈగలను వదిలేది. ఈగ పురుగు ఒంటి మీద తెల్లటి గుడ్డు అంటిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన ఈగ పిల్ల పురుగును తొలుచుకుని లోపలికి పోయి తినేస్తుంది. పురుగు చస్తుంది, కొన్నాళ్లకు కొత్త ఈగ బయటికి వస్తుంది. చేలల్లో వదిలేది వాటినే, మందు కొట్టే పని తగ్గుతుందని. ఆ పని ఆమెకు ఇష్టమే. కానీ పురుగుల పెంట కంపు చేతులను వదిలేది కాదు. ఇంటికి పోయే ముందు నిమ్మచెక్కతో రుద్దుకునేది.

మొన్న వానాకాలం ధర్మపురి పక్క ఊళ్లో ఈగలు వదలడానికి ఆఫీసరు మమతారాణితో జీపులో వెళ్లింది. మొహానికి చున్నీ చుట్టుకుని, దోమతెర గుడ్డ కుట్టిన పంజరం ఎత్తుకుని చేలోకి దిగింది. సాళ్ల మధ్య యూరియా వేస్తున్న కూలీల్లో ఒకాయన తలెత్తి చూశాడు. బక్కయ్య. ఆయన అంత దూరం కూలికి వస్తున్నాడని ఆమెకు తెలియదు. చున్నీ ఉన్నా ఆమె నడకను బట్టి ఆయన పోల్చేశాడు. బకెట్టు కింద పెట్టి నవ్వుకుంటూ వచ్చాడు.

"నీకు తెలిసినాయనా?" అని మమతారాణి అడిగింది.

పంజరం నిండా ఈగలు ముసురుతున్నాయి. స్తుతి వాటి వైపే చూస్తూ అంది.

"తెల్వదు మేడం."

ఆయన వచ్చినవాడు వచ్చినట్టే ఆగిపోయాడు. "మా బిడ్డ లెక్క కనవడ్డది మేడం. ఏమనుకోకుర్రి," అని వెనక్కి తిరిగి బకెట్టు అందుకున్నాడు.

ఆ సాయంత్రం స్తుతి నేరుగా ఇంటికి వెళ్లింది. బక్కయ్య కంచం పెట్టాడు. అన్నం వడ్డిస్తూ, "నా లుంగి నిండ బురదుండె బిడ్డా. సోయి లేక ఉరికొస్తి," అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

ఆమెకు ప్రాణం చచ్చినంత పనైంది. "నీ గురించి గాదు బాపు. నేను రక్తం చూస్తలేను. ఈగలు పెంచుతున్న. గది నీకెట్ల చెప్పాల్నో తెల్వలే."

ఆయన గిన్నె మీద మూత పెట్టాడు. "మరి నేను అందరికి చెప్పుకుంటి గదా. గప్పుడన్న అనకపోతివి," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆ ఆదివారం ఒళ్లు బాగా లేదని ఆయన ఆరాధనకు వెళ్లలేదు. స్తుతి ఒక్కతే వెళ్లి, చర్చి వాకిట్లో పలకరించిన వాళ్లందరికీ నిజం చెప్పింది. కొందరు నవ్వారు.

మర్నాడు, చేలో ఎదురైనాయన తన తండ్రేనని మమతారాణికీ చెప్పింది. ఆమె, "ఆయన ముంగటనే తెల్వదన్నవు గదా," అంది.

పురుగులు ఎలా ఉన్నాయో చూడటానికి మమతారాణితో మళ్లీ ఆ చేనుకు వెళ్లినప్పుడు బక్కయ్య కలుపు తీస్తున్నాడు. స్తుతి మొహం మీద చున్నీ లేదు. "బాపూ, జర ఇటు రా," అని అందరికీ వినబడేలా పిలిచింది. మక్క మొక్క నడిమి ఆకుల సుడిలో మెత్తబడిపోయిన పురుగును, దాని తల వెనక అంటుకున్న గుడ్లను చూపించింది. పురుగులన్నీ చావలేదు గానీ, ఆ చేను రైతు ఈసారి ఒక విడత మందు కొట్టడం మానుకున్నాడు. బక్కయ్య వంగి చూసి మంచిగానే ఉందన్నాడు. తర్వాత మమతారాణి వైపు, తన బురద లుంగి వైపు ఒకసారి చూసి, పని ఆగుతుందంటూ గబగబా సాళ్లలోకి వెళ్లిపోయాడు. స్తుతి వెనకే వెళ్లబోయి, అక్కడే నిలబడిపోయింది.