స్కోరు టేబుల్

శనివారాల్లో అమెరికాలోని ఆ బెంటన్‌విల్ జిమ్‌లో భానుమూర్తి కూర్చోగా ఎవరూ చూడలేదు. కూతురి వాటర్ బాటిల్ చంకలో పెట్టుకుని, స్కోరు టేబుల్ వెనక గోడకి ఆనుకుని నిలబడతాడు. కోర్టులో వాలీబాల్ పైకి లేచినప్పుడల్లా అతని వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. ఒకప్పుడు తెనాలి కాలేజీ టీమ్‌కి బంతులు లేపి ఇచ్చిన వేళ్లవి. కిందటేడు క్లబ్ సెలెక్షన్స్‌కి, పరీక్షకి తెచ్చినట్టే, పద్నాలుగేళ్ల హారికని గంట ముందే తీసుకొచ్చాడు. ఎవరూ అడగని పాస్‌పోర్టు ఫొటోలు కూడా రెండు తెచ్చాడు. వేసవంతా ఆ క్లబ్ కోచ్ దగ్గరే డబ్బు కట్టి విడిగా నేర్చుకున్న తెల్లపిల్లలతో టీమ్ అప్పటికే నిండిపోయిందని అతనికి తెలియదు. హారిక సర్వీసు ఒక్కటీ తప్పలేదు. కోచ్ నవ్వుతూ, "మీవాళ్లు లెక్కల్లో గట్టివాళ్లు కదా, స్కోరు రాస్తుందా?" అన్నాడు. "థాంక్యూ సర్" అన్నాడు భానుమూర్తి. కారెక్కాక, "ఇది వెయిటింగ్ లిస్టు లాంటిదమ్మా" అని కూతురికి చెప్పాడు.

అలాంటి లిస్టేదీ లేదని చలికాలానికల్లా అతనికి అర్థమైంది. ఆ మాట హారికకి చెప్పలేకపోయాడు. మొన్న బంతి దొర్లుకుంటూ టేబుల్ కిందికి పోతే, తీద్దామని వంగాడు. పైన పెన్సిలు పట్టుకుని బుద్ధిగా స్కోరు రాస్తున్న పిల్ల మోకాళ్లకి ఆటగాళ్లు కట్టుకునే ప్యాడ్లున్నాయి. బంతి ఇచ్చేసి, "ఇంటికెళ్దామా అమ్మా?" అన్నాడు మెల్లిగా.

"నో నాన్నా, ఇంకో మ్యాచ్ ఉంది. వెయిటింగ్ లిస్ట్ అని నువ్వే కదా చెప్పావ్."