కళ్ళకద్దుకున్న కాగితం

స్వప్న గీసిన బొమ్మలను లోకమంతా చూసింది గానీ, అవి స్వప్న గీసినవని ఒక్కరికీ తెలియదు. ఆమె ఉద్యోగమే అలాంటిది. రాయదుర్గంలో ఒక యానిమేషన్ కంపెనీ. జపాన్ నుంచి మొదటి బొమ్మ, చివరి బొమ్మ వస్తాయి. చెయ్యి కింద ఉన్నది ఒకటి, పైకి లేచింది ఇంకొకటి. ఆ చెయ్యి లేవడమంతా నడుమ స్వప్న గీయాలి. ఎవరి కంటా పడకపోతే బాగా గీసినట్టు. అలా కంటపడకుండానే ఏళ్ళు గడిచి, తనకసలు గీయడం వచ్చా అని ఆమెకే అనుమానం పట్టుకుంది. సొంత కథ కోసమని కొన్న కాగితాలు బీరువా మీద పచ్చబడిపోయాయి.

అలాంటి మనిషికి ఒక జపాన్ అనిమే బొమ్మల సిరీస్ పని రావడం విడ్డూరమే. అందులో పిల్ల కూడా యానిమేటరే, గీసిందల్లా చెత్త అనుకుని కుమిలిపోతుంటుంది. ఒకచోట విసిరేసిన తన బొమ్మనే చూసుకోకుండా తొక్కుతుంది. వంగి తీస్తుంది, బల్ల మీద పెడుతుంది. ఆ రెండూ జపాన్ వాళ్ళు గీసి పంపారు. నడుమ స్వప్న ఆ పిల్ల చేత కాగితాన్ని కళ్ళకద్దించింది. కావాలని కాదు. చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే తల్లి యాదమ్మ వీపు మీద ఒకటి వేసి, "సరస్వతి, మొక్కు" అనేది. అందుకే చెయ్యి దానంతటదే అటు పోయింది. సరిచూసేవాళ్ళూ ఇక్కడివాళ్ళే కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. ఎపిసోడ్ అలాగే బయటికి వెళ్ళిపోయింది.

తాము చెప్పనిది నడుమ చేర్చారని జపాన్ కంపెనీ మండిపడింది.

"సోమవారం వచ్చి నువ్వే మార్చు. మార్చనంటే ఇగ రాకు" అన్నాడు సూపర్‌వైజర్ నితీష్.

ఆ ఆదివారం నిజాంపేటలో, గిరీష్ కిరాయికుంటున్న గదిలో అనిమే అభిమానులు కలిశారు. స్వప్న ఎప్పుడూ ఓ మూల కూర్చుని వినేదే. పని సంగతి బయట చెప్పనని కంపెనీకి సంతకం పెట్టింది కనుక, ఆమె ఏం చేస్తుందో వాళ్ళెవరికీ తెలియదు. ఆ కదలిక బాగుందని ఒక్కరన్నా చాలు, మార్చనని నితీష్‌తో చెప్పేద్దామని గుండె చిక్కబట్టుకుని వచ్చింది.

గిరీష్ కర్నూలు వాడు, సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు పట్టినందుకే అతనికి జీతమిస్తారు, ఆదివారాలు ఆ పని ఉచితం.

"జపాన్ పిల్ల కాగితం కండ్లకు అద్దుకునేదేంది? ఎవడో చూసుకోకుండా గీసినాడు" అని తేల్చేశాడు. అందరూ నవ్వారు.

వాళ్ళలో సౌజన్య ఒక్కతే నవ్వలేదు. "నాకు అక్కడే ఏడుపొచ్చింది. తన బొమ్మకే క్షమాపణ చెప్పుకుంటోంది ఆ పిల్ల. కాలేజీలో మానేసిన బొమ్మలు నేను మళ్ళీ మొదలుపెట్టింది అది చూసినాకే" అంది.

స్వప్నకు అది నేనే గీసిన అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. బస్సులో దారంతా నితీష్‌తో అనాల్సిన మాటలు వల్లె వేసుకుంది.

ఇంట్లో యాదమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఆమెది ఒక ఆఫీసు టవర్లో ఊడ్చి తుడిచే పని.

"నీ కొలువు గట్టిపడ్డది గద బిడ్డా. వచ్చే నెల సంది నేను పోను. కాళ్ళు లేస్తలేవు" అంది.

"సరే అమ్మా" అంది స్వప్న. నూనె గిన్నె తను అందుకుంది.

సోమవారం మార్చేసింది. కాగితం నేల మీంచి నేరుగా బల్ల మీదికి పోయింది. అంత శుభ్రంగా ఆమె ఎన్నడూ గీయలేదు. నితీష్ మెచ్చుకున్నాడు.

మళ్ళీ అందరూ కలిసేసరికి పాత ఎపిసోడ్ తీసేసి కొత్తది పెట్టారు. గిరీష్ దాన్ని పనిగట్టుకుని వేసి చూపించాడు. "చెప్పలేదా నేను? సరిచేసినారు."

సౌజన్య వెనక్కి తిప్పి చూసింది. ఇంకోసారి చూసింది.

"ఎవరు తీసేసినారో గానీ, వాళ్ళ చేతులు పడిపోను" అంది. తర్వాత మూలకు తిరిగింది. "నువ్వు చెప్పు స్వప్నా, ముందుదే బాగుండె కదా?"

స్వప్న గీసిన బొమ్మ గురించి స్వప్ననే ఒకరు అడగడం అదే మొదలు. ఆమె కుడిచేతిని చున్నీ కింద దాచుకుంది.

"నాకు బొమ్మల గురించి ఏం తెల్వదు" అంది.